వండినవారి వంతు

ధర్మసూక్ష్మమును తెలిసికొనగోరువారు అరణ్యములకు పోనక్కరలేదు. ఒక ఇంటిలో రాత్రి భోజనములు ముగిసిన పిమ్మట వంటగదిలోని గిన్నెలలో ఏమి మిగిలియున్నదో చూచినను చాలును. ఈ మాట నాకు స్వయముగా తోచినది కాదు. గోల్‌మురిలో ఒక గృహిణి అడిగిన ప్రశ్న వలన దీనిని నేర్చుకొంటిని. ఆమెకు నేను ఆనాడు సరియైన సమాధానము చెప్పలేదు. ఆ బాకీని తీర్చుకొనుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

గోల్‌మురి జంషెడ్‌పూరు నగరములోని ఒక పేట. 1920లో స్థాపితమైన టిన్‌ప్లేట్ కంపెనీ తన కర్మాగారమును ఇచ్చటనే నెలకొల్పెను. ఉక్కురేకులకు తగరపు పూత పూయు పని 1922లో ఇచ్చట ఆరంభమయ్యెను. ఆ కంపెనీ 2024లో టాటా స్టీలులో విలీనమైనది. జంషెడ్‌పూరు కర్మాగారములలో పనికై శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి వచ్చిన తెలుగు కుటుంబములు ఈ నగరమున తరతరములుగా స్థిరపడియున్నవి. ఇచ్చటి ఇండ్లలో దినచర్యను సూర్యుడు నిర్ణయింపడు, షిఫ్టు నిర్ణయించును. ఉదయము ఆరు గంటలకు, మధ్యాహ్నము రెండు గంటలకు, రాత్రి పది గంటలకు పనివారు మారుచుందురు. దానిని బట్టియే పొయ్యి వెలుగును. దానిని బట్టియే విస్తరి లేచును.

కొంతకాలము క్రిందట ఆ పేటలో ఒక తెలుగువారి ఇంట గీతాప్రసంగము చేయుటకు పోయితిని. ఆనాటి విషయము మూడవ అధ్యాయములోని యజ్ఞచక్రము. కేవలము తమ కొరకే వండుకొనువారు పాపమునే భుజించుచున్నారనియు, యజ్ఞము చేయగా మిగిలిన అన్నమును భుజించువారు పాపముల నుండి విముక్తులగుదురనియు భగవానుడు తెలిపిన భావమును వివరించితిని. ప్రసంగము ముగిసిన తరువాత అందరును లేచిపోవుచుండగా ఒక గృహిణి మాత్రము గుమ్మము ప్రక్కన నిలిచియుండెను. ఇద్దరు పిల్లల తల్లి. అత్తమామలను కూడ చూచుకొనుచున్న ఇల్లాలు. ఆమె దగ్గరకు వచ్చి మెల్లగా అడిగినది.

"స్వామీజీ, ఒక్క సందేహం. అందరికీ వడ్డించక ముందే, వండిన మనిషి తన వంతు కూర, పప్పు తీసి పక్కన పెట్టుకొంటే అది పాపమా?"

ఎందుకు అడుగుచున్నావమ్మా అని ప్రశ్నించితిని. "రక్తం తక్కువగా ఉందని డాక్టరు గారు చెప్పారండీ. మాత్రలు ఇచ్చి, ఆకుకూర, పప్పు రోజూ తినమన్నారు. వండుతూనే ఉన్నాను. నేను కూర్చొనేసరికి అన్నం, చారు తప్ప ఏమీ ఉండదు. ముందే తీసి పెట్టుకొందామంటే మనసు ఒప్పదు. మీరు ఇప్పుడు చెప్పింది విన్నాక ఇంకా భయం వేసింది."

నేను తడుముకొనకుండ సమాధానమిచ్చితిని: "అందరును తిన్న తరువాత మిగిలినదే అమృతము తల్లీ. త్యాగమును మించిన పుణ్యము లేదు." ఆమె నమస్కరించి వెడలిపోయినది. ఆ రాత్రి టాటానగరు స్టేషనులో రైలెక్కి పడుకొన్న తరువాత గాని ఒక విషయము నా మనస్సునకు తట్టలేదు. ఆ సాయంత్రము నాకు వడ్డించిన విస్తరిలో పప్పు, రెండు కూరలు, పెరుగు ఉండెను. కొసరి కొసరి వడ్డించిరి, నేను వద్దనలేదు. వడ్డించిన తల్లులు అప్పటికింకను భోజనము చేయలేదు. వారికి ఏమి మిగిలినదో నేను అడుగలేదు. అందరికంటె ముందుగా తిన్నవాడు అందరికంటె చివర తినువారికి త్యాగమును బోధించెను!

కావున ఆ ప్రశ్నను మొదటి నుండి విచారించుట నా విధి. దానిలో రెండు భాగములున్నవి. ఆమె దేహమునకు నిజముగా కావలసినదేమి? ధర్మము ఆ విషయమున ఏమి చెప్పుచున్నది? మొదటి దానిని తెలిసికొనకుండ రెండవ దానిని గూర్చి తీర్పు చెప్పుటయే నేను చేసిన పొరపాటు.

దేహము ఆహారమును మూడు పనుల కొరకు అడుగును. మొదటిది శక్తి. వరి, గోధుమ, దుంపలు మొదలగు వానిలోని పిండిపదార్థము గ్రామునకు 4 కేలరీల శక్తినిచ్చును. నూనె, నెయ్యి మొదలగు క్రొవ్వులు గ్రామునకు 9 కేలరీలనిచ్చును. రెండవది నిర్మాణము. కండరములు, రక్తము, చర్మము అనుదినము అరిగి మరల కట్టబడుచుండును. ఈ పనికి మాంసకృత్తులు కావలెను. పప్పులు, పాలు, గ్రుడ్లు, చేపలు, వేరుసెనగలు వీనికి మూలములు. బియ్యములోని మాంసకృత్తులలో లైసీన్ అను అంశము తక్కువ; పప్పులో అది సమృద్ధిగా నున్నది. పప్పులో తక్కువైన మెథియోనిన్ బియ్యములో ఉన్నది. రెండింటిని కలిపి తిన్నప్పుడు ఒకదాని కొరతను మరియొకటి పూరించును. పప్పన్నము మన పెద్దలకు రుచిగా తోచుట మాత్రమే కాదు, దేహమునకు కూడ అట్లే యుక్తమైనది.

మూడవ పని రక్షణ. ఇది విటమిన్లు, ఖనిజ లవణములు చేయుపని. వీని పరిమాణము మిల్లీగ్రాములలోను, అంతకంటె సూక్ష్మమైన కొలతలలోను ఉండును. ఇంత స్వల్పమైనది లేకున్న ఏమగునని అడుగువారికి గోల్‌మురి కార్మికుడే సమాధానము చెప్పగలడు. ఉక్కురేకు బరువుతో పోల్చినచో దానిపై తగరపు పూత ఏపాటిది? కంటికి మెరుపుగా మాత్రమే కనిపించును. కాని ఆ పూత లేనిచో రేకునకు త్రుప్పు పట్టును. ఆ రేకుతో చేసిన డబ్బాలో ఆహారము నిలువదు. దేహమునందు ఈ సూక్ష్మపదార్థముల స్థానమును అట్టిదే. కడుపు నిండుట వేరు, దేహము పోషింపబడుట వేరు.

ఈ భేదమును గుర్తింపకపోవుట వలన కలిగిన బాధను మన ఉత్తర సర్కారు జిల్లాలు చవిచూచినవి. గోల్‌మురిలోని అనేక కుటుంబముల పూర్వులు బయలుదేరిన సీమ అదే. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున ఆ తీరప్రాంతము బెరిబెరి వ్యాధికి పేరుమోసియుండెను. కాళ్ళు మొద్దుబారుట, వాచుట, తుదకు గుండె నీరసించుట ఆ వ్యాధి లక్షణములు. రాబర్ట్ మెక్‌కారిసన్ అను వైద్యుడు కూనూరులో 1918లో ఆరంభించిన చిన్న పరిశోధనశాలకు మొదటి పని ఆ వ్యాధిని పరిశోధించుటయే. మరలో బాగుగా తెల్లచేసిన పచ్చిబియ్యమును తినువారికి ఆ వ్యాధి వచ్చుచుండెను. ఉప్పుడు బియ్యమును తినువారికి రాకుండెను. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు పైపొరలోని బి1 విటమిన్ గింజ లోపలికి ఇంకును. తరువాత మరపట్టినను అంతయు తవుడుతో పోదు. పచ్చిబియ్యములో అది పైపొరలోనే ఉండుట వలన తెల్లదనము పెరిగినకొలది బలము తరుగును. దానికి తోడు బియ్యమును పలుమార్లు కడుగుట, గంజి వార్చి పారబోయుట వలన మిగిలినది కూడ పోవును. ఆ కూనూరు సంస్థయే 1958లో హైదరాబాదునకు తరలి వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు పొందెను.

ఆ రోగులు అన్నము లేక బాధపడినవారు కారు. రెండు పూటల తెల్లని అన్నము తినినవారే. కొలతకు చాలినంత తిని, పోషణకు చాలక కూలిరి. ఆ గృహిణి రాత్రి కంచములోని అన్నమును, చారును ఈ దృష్టితో చూడవలెను. ఆమె పస్తుండుట లేదు. కావుననే ఇంటిలో ఎవరికిని అనుమానము కలుగలేదు.

ఇక స్త్రీపురుషుల అవసరములను పోల్చి చూతము. భారత వైద్య పరిశోధన మండలి 2020లో ప్రకటించిన ప్రమాణముల ప్రకారము మధ్యరకపు శ్రమ చేయు పురుషునకు దినమునకు 2710 కేలరీలు, స్త్రీకి 2130 కేలరీలు కావలెను. మాంసకృత్తులు పురుషునకు 54 గ్రాములు, స్త్రీకి 46 గ్రాములు. ఇంతవరకు పురుషుని పాలు ఎక్కువ. ఇనుము విషయమున లెక్క తారుమారగును: పురుషునకు 19 మిల్లీగ్రాములు చాలగా, స్త్రీకి 29 మిల్లీగ్రాములు కావలెను. నెలనెల కలుగు రక్తనష్టమే దీనికి ప్రధాన కారణము.

ఈ అంకెలలోని భావమును గమనింపుడు. స్త్రీకి కావలసిన అన్నము తక్కువ. కాని ఆ తక్కువ అన్నముతో ఆమె పొందవలసిన ఇనుము పురుషునికంటె సగమునకు పైగా ఎక్కువ. అనగా ఆమె కంచములో అన్నము తగ్గి, ఆకుకూరలు, పప్పులు పెరుగవలెను. చివరివారికి మిగులు కంచము దీనికి సరిగా విరుద్ధముగా నుండును. అన్నము ఎప్పుడును మిగులును. కూర ఎప్పుడును చాలదు. ఇంటిలో ఎవరును ఆమెకు కీడు తలపెట్టలేదు. అయినను వడ్డనక్రమము దినదినమును ఆమెకు అక్కరలేనిదానిని మిగిల్చి, అక్కరయైనదానిని తీసివేయుచున్నది.

2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము జార్ఖండ్‌లో 15 నుండి 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి 65 మందికి రక్తహీనత యున్నది. అదే వయస్సుగల పురుషులలో నూటికి సుమారు 30 మందికే యున్నది. మన ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలలో ఈ సంఖ్య 59కి చేరువగా నున్నది. ఈ వ్యత్యాసమంతయు వడ్డన వలననే కలిగినదనుట అసత్యమగును. దేహధర్మము కొంత, నులిపురుగులు, మలేరియా వంటి వ్యాధులు కొంత కారణములు. కాని మన చేతిలో నున్న కారణమును విడిచి, లేనివానిని మాత్రమే లెక్కించుట వివేకము కాదు.

రక్తమునకు ఇనుముతోపాటు మరియొక సూక్ష్మపదార్థము కూడ కావలెను. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, నిరుపేద గర్భిణులలో కనిపించు తీవ్ర రక్తహీనతను పరిశోధించెను. బట్టలమిల్లులలో పనిచేయు స్త్రీలు వారిలో నుండిరి. వారి భోజనములో లోపించినదేదో ఈస్టు సారములో ఉన్నదని, దానినిచ్చినచో వారు కోలుకొనుచున్నారని ఆమె 1931లో ప్రకటించెను. ఆ పదార్థమునకు తరువాత ఫోలిక్ ఆమ్లమను పేరు వచ్చెను. లాటిను భాషలో 'ఫోలియం' అనగా ఆకు. పాలకూర ఆకుల నుండి దానిని వేరుచేయుటచే ఆ పేరు పెట్టిరి. దానిని ప్రయోగశాలలో తయారుచేయు మార్గమును 1945లో ప్రకటించిన పరిశోధక బృందమునకు నాయకుడు మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరులిరువురు స్ప్రూ అను ప్రేగుల వ్యాధితో మరణించిరి. ఆ వ్యాధి చికిత్సకు కూడ ఈ ఫోలిక్ ఆమ్లమే తోడ్పడినది. మద్రాసులో చదువుకొను దినములలో సుబ్బారావు సన్న్యసింపగోరెను. తల్లి సమ్మతింపలేదు. అందుచే వైద్యవిద్యలో ప్రవేశించెను. ఆ తల్లి నిరాకరణ వలన లోకమందలి ఎందరు తల్లులు బ్రతికిరో మనమెరుగము.

ఇక ధర్మవిచారము. దేహపోషణను గూర్చి ఇంతగా లెక్కలు వేయుట ఆధ్యాత్మికులకు తగునా అని కొందరు శంకింపవచ్చును. ఛాందోగ్యములో ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతువునకు చేసిన పరీక్ష ఈ శంకను తీర్చును. పదునైదు దినములు అన్నము మాని, నీరు మాత్రము త్రాగవలసినదిగా తండ్రి ఆజ్ఞాపించెను. తరువాత వేదమును చెప్పమనగా శ్వేతకేతువునకు ఒక్కటియు స్ఫురింపలేదు. భుజించి వచ్చిన పిమ్మట అడిగినదంతయు చెప్పగలిగెను. మనస్సు అన్నమయమని ఋషి ఈ విధముగా నిరూపించెను. రక్తము లేక తల తిరుగు తల్లిని జపము చేయుమని, ఓర్పు వహింపుమని బోధించువారు ఈ కథను మరచినవారే. ధ్యానయోగమును చెప్పుచు భగవానుడు సైతము అధికముగా తినువానికిని, బొత్తిగా తిననివానికిని యోగము కుదరదని స్పష్టపరచెను.

సరే, అన్నము ముఖ్యమే. కాని గృహస్థధర్మము చివర భుజింపుమనుట లేదా? చెప్పుచున్నది. ఎవరు చివర భుజింపవలెనో కూడ చెప్పుచున్నది. మనుస్మృతి మూడవ అధ్యాయములో ఈ క్రమము కలదు. అతిథులు, ఇంటివారు, సేవకులు భుజించిన తరువాత మిగిలినదానిని దంపతులు భుజింపవలెను. ఇచ్చట మూలములో నున్నది ద్వివచనము. భార్య ఒక్కతెయే కాదు. భర్తయును ఆ చివరి పంక్తిలోనివాడే. అంతకు ముందే మరియొక విధి కలదు: కొత్తగా పెండ్లియైన ఆడపడుచులకు, బాలికలకు, రోగులకు, గర్భిణులకు సందేహింపక అతిథులకంటెను ముందుగా భోజనము పెట్టవలెను. రక్తహీనతతో బాధపడు స్త్రీ రోగి కాదా? ఆమెను పంక్తికి ముందు కూర్చుండబెట్టుమని స్మృతియే చెప్పుచుండగా, నేను చివరికి పంపితిని! భర్త భుజించిన పిదపనే భార్య భుజింపవలెనను ఆచారమునకు కూడ గ్రంథాధారములు లేకపోలేదు. కాని రోగికిని, గర్భిణికిని చెప్పిన ప్రత్యేకవిధి సామాన్యాచారముకంటె బలవత్తరమని ధర్మము తెలిసినవారు ఒప్పుకొందురు.

ఈ సందర్భమున చాలమంది ద్రౌపదిని ఉదాహరింతురు. అరణ్యవాసములో ఆమె అందరికిని పెట్టి చివర భుజించెడిది కదా! నిజమే. ఆ కథను మరికొంత శ్రద్ధగా చదువవలెను. సూర్యభగవానుడు ధర్మరాజునకు ప్రసాదించిన పాత్ర ద్రౌపది భుజించువరకు అక్షయమై యుండెడిది. ఆమె తిన్న తరువాతనే ఆనాటికి దాని శక్తి ముగిసెడిది. అనగా ఎంతమంది అతిథులు వచ్చినను, భీముడు ఎంత తిన్నను, ద్రౌపదికి లేకుండ పోవుట ఆ పాత్ర ధర్మములోనే లేదు. ఆమె చివరనే తినెను, సమృద్ధిగా తినెను. మన ఇండ్లలోని పాత్రలు అక్షయములు కావు. పాత్ర వలన లభింపని అభయమును ఇంటివారి బుద్ధి కల్పింపవలెను. చివర కూర్చుండుటలో దోషము లేదు. చివర కూర్చున్నవారికి ఏమియు నిశ్చయముగా లేకపోవుటలోనే దోషమున్నది.

త్యాగమును గూర్చి నేను చెప్పిన మాటను కూడ పరీక్షింపవలెను. త్యాగము చేయుటకు ముందు ఆ వస్తువు తనదై యుండవలెను. తన వంతని ఎన్నడును ఎవరును లెక్కింపనిదానిని ఆమె ఎట్లు త్యజింపగలదు? పిల్లవానికి ఒంట్లో బాగులేనినాడు తన గిన్నెలోని పెరుగును తల్లి వాని కంచములో వంపుట త్యాగము. అది ఆమె ప్రేమకు నిదర్శనము. ఏడాది పొడుగున గిన్నె అడుగు గీకుకొనుట అలవాటు మాత్రమే. దానికి త్యాగమను పేరు పెట్టినచో, ఆ పేరు వలన సుఖపడువారు ఇతరులు.

ఆ పేరునకు మూల్యము చెల్లించునది ఆమె ఒక్కతెయే కాదు. గర్భస్థ శిశువు వెన్నుపాము, మెదడు ఏర్పడు నాళము గర్భధారణ జరిగిన మొదటి నాలుగు వారములలోనే మూసికొనవలెను. అప్పటికి చాలమంది స్త్రీలకు తాము గర్భవతులమని తెలియనే తెలియదు. ఆ సమయమున ఫోలిక్ ఆమ్లము కొరవడినచో శిశువునకు జీవితాంతపు లోపము కలుగు ప్రమాదము పెరుగును. తల్లి రక్తహీనత తీవ్రమైనచో బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చును. ప్రసవమున తల్లి ప్రాణమునకే ముప్పు రావచ్చును. ఇంకను పుట్టని వాని సమ్మతి లేకుండ వాని వంతును కూడ విడిచిపెట్టు అధికారము ఏ త్యాగికిని లేదు.

బీదతనమును గూర్చి ఒక మాట. ఇంటిలో అసలు కూరయే చాలనప్పుడు పంచుకొనుట ఎట్లని అడుగవచ్చును. సమృద్ధి గల ఇంటిలో పంపకము తప్పినను అందరికిని ఏదో దొరకును. కొరత గల ఇంటిలోనే పంపకము ప్రాణముల మీదికి వచ్చును. కావున బీదయింటిలోనే న్యాయమైన పంపకము ఎక్కువ అవసరము. అదియును గాక, రక్తమునకు కావలసినవన్నియు విలువైనవి కావు. మునగాకు, తోటకూర, పెసలు, ఉలవలు, వేరుసెనగలు సామాన్యులకు అందుబాటులోనివే. ఉత్తరాంధ్రమున మనము చోళ్ళనునవియే జార్ఖండ్‌లో మడువా. చోడి అంబలి త్రాగిన తాతల మనుమలు తెల్లని అన్నమునకు మరలి దానిని మరచిరి. నూరు గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కలదు. ఆకుకూరలలోని ఇనుము దేహమునకు సులభముగా పట్టదు. నిమ్మరసము, ఉసిరి, జామపండు వంటివి తోడైనచో బాగుగా పట్టును. భోజనముతో కలిపి టీ త్రాగినచో ఆ పట్టు తగ్గును. ఇప్పటికే రక్తహీనత యున్నవారు ఆహారముతోపాటు వైద్యులిచ్చిన మాత్రలను కూడ మానరాదు.

వడ్డన తప్పుట వలన ముందు కూర్చున్నవారికి మేలు కలుగుచున్నదా? అదియును లేదు. మూడుమారులు అన్నము మారు వడ్డించుకొని, ఊరగాయతోను, అప్పడములతోను తిను పురుషునకు మధుమేహము, రక్తపుపోటు దాపరించుచున్నవి. ఉప్పు దినమునకు 5 గ్రాములు మించరాదని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకములు మన శక్తిలో సగముకంటె తక్కువ భాగమే ధాన్యముల నుండి రావలెనని, కూరలు, పప్పులు, పండ్లు పెరుగవలెనని కోరుచున్నవి. అనగా ఇంటిలో ఒకరికి ప్రేమ పేరుతో అతిగాను, మరియొకరికి త్యాగము పేరుతో అల్పముగాను పెట్టి, ఇద్దరిని రోగులను చేయుచున్నాము.

అట్లయిన ఆ తల్లికి నేను చెప్పవలసిన సమాధానమేది? అది ఆమె ఇంటిలోనే ఉన్నది. రాత్రి పది గంటల వరకు షిఫ్టులో నుండు భర్త కొరకు ఆమె ఏమి చేయును? అందరికిని వడ్డించుటకు ముందే అన్నము, పప్పు, కూర తీసి, మూతపెట్టి ఉంచును. పిల్లలు ఇంకొంచెము కూర కావలెనని అడిగినను ఆ గిన్నె మూత తీయదు. అత్తగారు కూడ తీయనీయరు. దానిని ఎవరైనను పాపమనిరా? స్వార్థమనిరా? పనిచేసి వచ్చు మనిషికి తన వంతు ఉండవలెనని ఇల్లంతయు ఒప్పుకొన్నది. తెల్లవారుజామున లేచి, మూడు షిఫ్టుల వారికిని వండిపెట్టి, అందరికంటె చివర పడుకొను మనిషికి అటువంటి గిన్నె ఒకటి ఎందుకుండరాదు?

పక్కన పెట్టవలసినది ఆమె మాత్రమే కాదు. తన వంతు తాను తీసికొనుటకు ఆమె మనస్సు సంకోచించుచున్నది. ఆ సంకోచమును మాటలతో పోగొట్టుట కష్టము. భర్తయో, అత్తగారో, ఎదిగిన కుమారుడో వడ్డన ఆరంభింపక ముందే "ఇది అమ్మ గిన్నె" అని తీసి మూతపెట్టినచో, ఆ ఒక్క పనితో సగము ధర్మము నెరవేరును. షిఫ్టు లేని దినమున అందరును కలిసి కూర్చుండి, అన్నియు మధ్యలో పెట్టుకొని భుజించినచో తక్కిన సగము నెరవేరును. అతిథిగా పోయిన మావంటివారు కూడ మారు వడ్డించుకొనుటకు ముందు "మీకున్నదా అమ్మా?" అని అడుగుట నేర్చుకొనవలెను. ఆనాటి నుండి నేను అడుగుచున్నాను. ఉన్నదనియే అందరును చెప్పుదురు. అప్పుడు గిన్నెను చూపుమని అడుగుచున్నాను. కొందరు నవ్వుదురు, కొందరు నొచ్చుకొందురు.

ప్రాణుల దేహములందు తానే వైశ్వానరాగ్నియై యుండి అన్నమును పచనము చేయుచున్నానని భగవానుడు పదునైదవ అధ్యాయమున చెప్పెను. మామగారి జఠరమునందున్న అగ్ని, అతిథి జఠరమునందున్న అగ్ని, వంటగదిలో గోడకానుకొని కూర్చున్న ఆ ఇల్లాలి జఠరమునందున్న అగ్ని ఒక్కటియే. ఇంటిలోని హోమకుండములన్నిటిలో ఆహుతులు వేసి, ఒక్క కుండమును మాత్రము ఆరిపోనిచ్చినవాని యజ్ఞము పూర్తి యగునా? యజ్ఞమే పూర్తికానప్పుడు దాని శేషము ఎక్కడిది?

గోల్‌మురిలోని ఆ సోదరి ఈ పత్రికను చదువునో లేదో తెలియదు. చదివినచో, ఆనాడు తొందరపడి చెప్పిన మాటను ఉపసంహరించుకొనుచున్నానని గ్రహించునుగాక. అమ్మా, అది పాపము కాదు. నీ వంతు కూడ భగవంతునికి నివేదించు అన్నములోనిదే. రేపు వడ్డించుటకు ముందు రెండు గిన్నెలకు మూత పెట్టుము.